పంపేవాడికి పైసలు, తెరిచేవాడికి లక్షలు: స్పామ్‌ గొలుసు ఎక్కడ తెంచాలి?

కోడూరు సెంటర్లో ఎవర్నైనా ఆపి ఈమెయిల్‌ ఉందా అని అడిగితే చాలామంది "మాకెందుకండీ అవన్నీ" అంటారు. కానీ చేతిలో ఆండ్రాయిడ్‌ ఫోన్‌ ఉంటే జీమెయిల్‌ దాదాపు ఉన్నట్టే. ఫోన్‌ కొన్న రోజే షాపులో కుర్రాడు ఒకటి తెరిచి ఇచ్చేస్తాడు. పిల్లల స్కాలర్‌షిప్‌కి, పాన్‌ కార్డుకి, పాస్‌పోర్టుకి నెట్‌ సెంటర్లో ఇంకోటి పుడుతుంది. రొయ్యల మేత డీలర్‌కి, ఎరువుల షాపుకి జీఎస్టీ కోసం మరొకటి ఉంటుంది. పాస్‌వర్డ్‌ ఏంటో ఓనర్‌కే గుర్తుండదు. ఆ పెట్టెలో ఏం పడుతోందో చూసేవాళ్లు తక్కువ.

ఒకసారి తెరిచి చూడండి. మీకు లోన్‌ మంజూరైందని ఒకటి, ఇన్‌కమ్‌ట్యాక్స్‌ రీఫండ్‌ ఆగిపోయిందని ఒకటి, కొరియర్‌ పార్శిల్‌ తిరిగి వెళ్లిపోతోందని ఒకటి, దుబాయ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, లాటరీ, చవక ఉమ్రా ప్యాకేజీ. వీటిలో మనం అడిగింది ఒక్కటీ లేదు. దీన్నే స్పామ్‌ అంటున్నాం. ఇదే సరుకు ఇప్పుడు ఎస్‌ఎంఎస్‌లోకి, వాట్సాప్‌లోకి కూడా వచ్చేసింది. దారి మారింది గానీ వ్యాపారం అదే.

ఇది చిరాకుతో పోయే విషయమైతే రాయాల్సిన పని లేదు. 2024లో సైబర్‌ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్న డబ్బు 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాది, 2023లో, అది 7,465 కోట్లు. అంటే ఒక్క ఏడాదిలో మూడింతలు. ఈ మోసాల్లో చాలావాటికి మొదటి మెట్టు మనం అడగని ఒక మెయిలో, మెసేజో, ఫోన్‌ కాలో. అందుకే స్పామ్‌ గురించి మాట్లాడటమంటే మన ఇంటి డబ్బు గురించి మాట్లాడటమే.

కొత్త సీసాలో పాత సరుకు

స్పామ్‌ అనే మాటే తమాషా. అది అమెరికాలో 1937 నుంచి అమ్ముతున్న డబ్బా పంది మాంసం పేరు. ఒక బ్రిటిష్‌ టీవీ హాస్య కార్యక్రమంలో ఏ టిఫిన్‌ అడిగినా దాంట్లో అదే వస్తుంటుంది. వద్దన్నా వచ్చిపడే మెసేజ్‌లకి ఆ పేరు అలా అంటుకుంది. మనకైతే రెండు రకాలుగానూ వద్దనిపించే పేరే.

1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్‌ కంపెనీ మార్కెటింగ్‌ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్‌ దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మొదటి స్పామ్‌ మెయిల్‌గా దాన్నే చెప్తారు. 1994లో ఆరిజోనాకి చెందిన ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డ్‌ లాటరీ పేరుతో వేలాది ఇంటర్నెట్‌ చర్చా వేదికల్ని ఒకే ప్రకటనతో నింపేశారు. చూడండి, అప్పుడు కూడా ఎర వేసింది విదేశం వెళ్లాలన్న ఆశ మీదే.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఇంకా పాతది ఒకటి తెలుసు. మదీనాలో రౌజా దగ్గర ఖాదింగా ఉన్న షేక్‌ అహ్మద్‌కి కల వచ్చిందని, ఈ కాగితం ఇన్ని కాపీలు తీసి పంచితే లాభమని, పక్కన పడేస్తే నష్టమని చెప్పే కరపత్రం. సౌదీలో పెద్ద ఆలిమ్‌ షేక్‌ బిన్‌ బాజ్‌ ఇది అబద్ధమని స్పష్టంగా రాసినా దాని ప్రయాణం ఆగలేదు. మన పక్కింటి హిందూ సోదరుల ఇళ్లకి దేవుళ్ల పేర్లతో ఇలాంటి పోస్టుకార్డులే వచ్చేవి. ఆశ ఒకటి, భయం ఒకటి, తొందర ఒకటి. ఆ కాగితంలో ఉన్న మూడూ ఇవాళ్టి "24 గంటల్లో మీ ఖాతా బ్లాక్‌ అవుతుంది" అనే మెయిల్‌లోనూ ఉన్నాయి. తేడా ఒక్కటే. అప్పుడు కాపీ తీయించడానికి మన జేబులో డబ్బులు ఖర్చయ్యేవి. ఇప్పుడు కోటి కాపీలకి కూడా ఖర్చు దాదాపు సున్నా.

2004 జనవరిలో దావోస్‌ సదస్సులో బిల్‌ గేట్స్‌ రెండేళ్లలో స్పామ్‌ సమస్య తీరిపోతుందన్నారు. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఈరోజుకీ జీమెయిల్‌ ఒక్కటే రోజుకి దాదాపు 1,500 కోట్ల అక్కర్లేని మెయిల్స్‌ని ఆపుతోందని గూగుల్‌ చెప్తోంది. స్పామ్‌లో 99.9 శాతానికి పైగా అడ్డుకుంటున్నామని కూడా అంటోంది. మరి తీరకపోవడానికి కారణం టెక్నాలజీ లేకపోవడం కాదన్నమాట. కారణం లెక్కల్లో ఉంది.

జమాఖర్చు చూస్తే

నేను బీకాం చదివినవాణ్ని. ఏ వ్యాపారమైనా ఎందుకు నడుస్తోందో తెలియాలంటే ముందు ఖర్చు, తర్వాత రాబడి చూడమని మాకు నేర్పారు. స్పామ్‌కీ అదే పద్ధతి పెడదాం.

2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక పని చేశారు. స్పామర్లు వాడే కంప్యూటర్ల జాలంలోకి దూరి, మందుల ప్రకటన మెయిల్స్‌ దాదాపు 35 కోట్లు వెళ్తుంటే వాటి లింకుల్ని తమ ఉత్తుత్తి వెబ్‌సైట్‌కి తిప్పారు. 26 రోజుల్లో కొనడానికి సిద్ధపడినవాళ్లు ఎంతమందో తెలుసా? 28 మంది. అంటే సుమారు కోటీ పాతిక లక్షల మెయిల్స్‌కి ఒక్క గిరాకీ. మొత్తం కొనుగోలు దాదాపు 2,700 డాలర్లు.

మామూలు షాపు ఈ లెక్క మీద ఒక్క రోజు కూడా నిలబడదు. స్పామర్‌ నిలబడతాడు, ఎందుకంటే పంపేది తన కంప్యూటర్‌ నుంచి కాదు. వైరస్‌ ఎక్కించి తన చేతిలోకి తెచ్చుకున్న మనలాంటి వాళ్ల కంప్యూటర్ల నుంచి పంపుతాడు. కరెంటు మనది, నెట్‌ మనది, లాభం వాడిది.

ఇక సరుకు, అంటే మన పేర్లు, నంబర్లు, మెయిల్‌ చిరునామాలు. దీనికి మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. 2023 మార్చిలో సైబరాబాద్‌ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. 16.8 కోట్ల మంది వివరాలు వాళ్ల దగ్గర దొరికాయి. వారం పది రోజులకే ఇంకో కేసులో 24 రాష్ట్రాలు, 8 మహా నగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వివరాలు పట్టుబడ్డాయి. అందులో జీఎస్టీ వివరాలు ఉన్నాయి, ఆర్టీవో వివరాలు ఉన్నాయి, విద్యార్థులవి ఉన్నాయి. మొదటి ముఠా 50,000 మంది వివరాలు 2,000 రూపాయలకే అమ్మిందని పోలీసులు చెప్పారు. భాగించి చూడండి. మనిషికి నాలుగు పైసలు.

నాలుగు పైసల సరుకు, దాదాపు సున్నా రవాణా ఖర్చు. దొరికిన ఒక్కరి ఖాతాలోంచి లక్ష రూపాయలు లాగితే పాతిక లక్షల మంది వివరాలు కొన్న డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఈ లెక్క మారనంత కాలం స్పామ్‌ ఆగదు. "జనానికి అత్యాశ, అందుకే మోసపోతున్నారు" అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. పాతిక లక్షల మందిలో ఒక్కడు ఏదో ఒక కంగారులో ఉంటే చాలు వాడికి. ఆ రోజు ఆ ఒక్కడు నేనూ కావచ్చు, మీరూ కావచ్చు.

స్పామర్‌ దగ్గర మన క్యాలెండర్‌ ఉంది

ఎర ఎప్పుడూ చెరువుని బట్టే ఉంటుంది. దివిసీమలో, బందరులో, గుడివాడలో ఏ ఎర పనిచేస్తుందో ఒకసారి ఆలోచిద్దాం.

బ్యాంకు పేరు మారడం ఒక పెద్ద అవకాశం. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంక్‌ 2020 ఏప్రిల్‌ 1న యూనియన్‌ బ్యాంక్‌లో కలిసిపోయింది. కృష్ణా జిల్లాలో పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంక్‌ 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్‌ గ్రామీణ బ్యాంక్‌ అయింది. పాస్‌బుక్‌ మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు. "బ్యాంకు కలిసిపోయింది కాబట్టి కేవైసీ మళ్లీ చేయించుకోండి" అని మెసేజ్‌ వస్తే పెద్దాయనకి అది నిజమే అనిపిస్తుంది. సగం నిజం ఉన్న అబద్ధమే ఎక్కువ దూరం వెళ్తుంది.

రైతు సాయం ఇంకొకటి. పీఎం కిసాన్‌, అన్నదాత సుఖీభవ డబ్బులు పడే రోజుల్లో "మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు తిరుగుతుంది. అది జాబితా కాదు, ఒక యాప్‌. ఇన్‌స్టాల్‌ చేసి అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చామంటే మన ఓటీపీలు వాడు చదువుకుంటాడు. ఆర్టీవో చలానా పేరుతో వచ్చేదీ ఇదే రకం. తుఫాను తర్వాత నష్టపరిహారం పేరుతో లింకు వస్తే దాన్నీ ఇదే కళ్లతో చూడాలి. సముద్రం పక్కన ఉండేవాళ్ల కష్టకాలం ఎప్పుడొస్తుందో వార్తలు చూసేవాడెవడికైనా తెలుసు.

వ్యాపారులకి వచ్చేది ఇంకో రకం. జీఎస్టీ సమన్లు, ఇన్‌కమ్‌ట్యాక్స్‌ నోటీసు, "ఇన్‌వాయిస్‌ జతచేశాం" అనే జిప్‌ ఫైలు. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్‌ పాన్‌ 2.0 ప్రాజెక్టుకి ఒప్పుకుంది. ఆ తర్వాత ఈ-పాన్‌ ఉచితంగా డౌన్‌లోడ్‌ చేసుకోండి అంటూ మెయిల్స్‌ మొదలయ్యాయి, అవి నకిలీవని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్ట్‌చెక్‌ విభాగం చెప్పాల్సి వచ్చింది. నోటీసు నిజమో కాదో తేల్చుకోవడానికి దారి ఉంది. 2019 అక్టోబరు నుంచి ఇన్‌కమ్‌ట్యాక్స్‌ శాఖ, అదే ఏడాది నవంబరు నుంచి కేంద్ర పరోక్ష పన్నుల శాఖ తమ ఉత్తరాల మీద డిన్‌ అనే గుర్తింపు నంబర్‌ వేస్తున్నాయి. ఆ నంబర్‌ని ఆ శాఖల వెబ్‌సైట్‌లోనే కొట్టి చూడొచ్చు. మెయిల్‌లో ఇచ్చిన లింకు నుంచి కాదు, మనమే సైట్‌ తెరిచి చూడాలి.

పంపేది ఎవరు? మన పిల్లలే కావచ్చు

గల్ఫ్‌ ఉద్యోగం, విదేశీ ఉద్యోగం పేరుతో వచ్చే మెయిల్‌ గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బు మాత్రమే కాదు.

2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియాకి పంపారు ఏజెంట్లు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో కూర్చోబెట్టి, మన దేశం వాళ్లకే ఫోన్లు, మెసేజ్‌లు చేయించి మోసం చేయమన్నారు. చేయకపోతే హింస. 2025 మార్చిలో మయన్మార్‌ సరిహద్దులో ఇలాంటి కేంద్రాల నుంచి బయటపడిన 549 మంది భారతీయుల్ని రెండు రోజుల్లో వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

అంటే మనకి మెసేజ్‌ పంపేవాడు కొన్నిసార్లు మెసేజ్‌ చూసి మోసపోయి వెళ్లినవాడే. ఒక స్పామ్‌ ఉద్యోగ ప్రకటన ఇంకో స్పామర్‌ని తయారుచేస్తోంది. మన ఊళ్లల్లో డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న కుర్రాళ్లకి ఇది తెలియాలి. విదేశాల్లో ఉద్యోగమని ఎవరు చెప్పినా, ఆ ఏజెంట్‌కి విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో చూడొచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంట్‌ తీసుకోగలిగే ఫీజుకి కూడా హద్దు ఉంది, 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అన్నాడంటే అక్కడితో మాట ఆపేయడం మంచిది.

ఉమ్రా, హజ్‌ ప్యాకేజీలకీ ఇదే మాట. హజ్‌కి దారులు రెండే. హజ్‌ కమిటీ ఆఫ్‌ ఇండియా ఒకటి, ప్రభుత్వం అనుమతిచ్చిన ప్రైవేటు గ్రూప్‌ ఆర్గనైజర్లు ఇంకొకటి. జీవితమంతా కూడబెట్టిన డబ్బుని మెయిల్‌లో వచ్చిన ఖాతా నంబర్‌కి వేసేముందు ఆ పేరు అధికారిక జాబితాలో ఉందో చూడాలి. ఇబాదత్‌ పేరు చెప్పగానే అనుమానించడం గునా అనుకునే మంచితనం మన పెద్దల్లో ఉంటుంది. మోసగాడు నమ్ముకున్నది దాన్నే.

చట్టం ఎక్కడ ఉంది?

చాలామందికి తెలియని విషయం ఇది. స్పామ్‌ ఈమెయిల్‌ని నేరుగా ఆపే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికా 2003లోనే ఒకటి చేసుకుంది. మన ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌ కింద ఒక చిన్న క్లాజు ఉండేది. చిరాకు పెట్టడానికి గానీ, పంపింది ఎవరో తెలియకుండా మోసగించడానికి గానీ మెయిల్‌ పంపితే నేరమని. కానీ ఆ సెక్షన్‌ మాటలు ఎంత వదులుగా ఉన్నాయంటే, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన, లైక్‌ కొట్టిన అమ్మాయిల్ని అరెస్టు చేయడానికి అది పనికొచ్చింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్‌ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సరైన తీర్పే. కాకపోతే దాంతోపాటు స్పామ్‌ క్లాజు కూడా పోయింది, దాని స్థానంలో ఇంకోటి రాలేదు.

మోసం జరిగాక పెట్టడానికి సెక్షన్లు ఉన్నాయి. ఐటీ చట్టం 66డి ప్రకారం వేరే వాళ్లమని చెప్పుకుని మోసం చేస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. భారతీయ న్యాయ సంహిత 318 కింద ఏడేళ్ల వరకు పడొచ్చు. కానీ ఇవన్నీ ఇల్లు కాలాక బావి తవ్వడం లాంటివి.

ఫోన్లు, ఎస్‌ఎంఎస్‌ల విషయంలో పరిస్థితి కొంత నయం. ట్రాయ్‌ 2018లో నిబంధనలు మార్చి, వ్యాపార ఎస్‌ఎంఎస్‌ పంపే ప్రతి సంస్థా ముందుగా నమోదు కావాలంది. 2025 ఫిబ్రవరిలో వాటిని ఇంకా బిగించింది. స్పామ్‌ కాల్‌ మీద ఫిర్యాదుకి ఇప్పుడు మూడు రోజులు కాదు, ఏడు రోజుల టైమ్‌ ఉంది. నమోదు కాని వాడి మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వచ్చినా చర్య మొదలుపెట్టాలి, అదీ ఐదు రోజుల్లో. లెక్కలు తప్పుగా చూపించే టెలికాం కంపెనీకి మొదటిసారి 2 లక్షలు, తర్వాత 5, ఆ తర్వాత 10 లక్షల జరిమానా. 2024 ఆగస్టులో ట్రాయ్‌ గట్టిగా చెప్పగానే కొద్ది వారాల్లోనే 2.75 లక్షల కనెక్షన్లు తెగిపోయాయి. అడిగేవాడు ఉంటే కంపెనీలు పని చేస్తాయని దీన్ని బట్టి తెలుస్తోంది.

కానీ ట్రాయ్‌ నిబంధనలు ఈమెయిల్‌కి వర్తించవు, వాట్సాప్‌కీ వర్తించవు. ఒక తలుపు మూస్తే గాలి ఇంకో కిటికీ లోంచి వస్తోంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద ఆశ పెట్టుకోవచ్చు. మన అనుమతి లేకుండా మన వివరాలు వాడుకోకూడదని అది చెప్తుంది, రక్షణ గాలికొదిలేసిన సంస్థకి 250 కోట్ల వరకు జరిమానా పెట్టింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు మాత్రం 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా నాలుగు పైసల రేటు నడుస్తూనే ఉంటుంది.

గొలుసు సన్నగా ఉన్న చోటు

మరి ఆపలేమా? ఆపిన సందర్భాలు ఉన్నాయి. అవి చూస్తే ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది.

2008 నవంబరు 11న కాలిఫోర్నియాలో మెకోలో అనే ఒక్క హోస్టింగ్‌ కంపెనీకి ఇంటర్నెట్‌ కనెక్షన్‌ తీసేశారు. స్పామర్ల కంట్రోల్‌ సర్వర్లు అక్కడ ఉండేవి. ప్రపంచం మొత్తం మీద స్పామ్‌ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలలకి మళ్లీ పెరిగిందనుకోండి. సర్వర్‌ తీసేస్తే ఇంకో చోట పెట్టుకుంటారు.

2011లో వచ్చిన ఇంకో అధ్యయనం అంతకంటే ముఖ్యమైన సంగతి చెప్పింది. స్పామ్‌లో అమ్మే మందులు, నకిలీ వాచీలు, సాఫ్ట్‌వేర్‌ తామే కొని చూసి, డబ్బు ఎక్కడికి వెళ్తోందో పరిశోధకులు వెంటపడ్డారు. పంపే కంప్యూటర్లు లక్షల్లో, వెబ్‌సైట్లు వేలల్లో ఉన్నాయి. డబ్బు తీసుకునే బ్యాంకులు? 95 శాతం అమ్మకాలు కేవలం మూడు బ్యాంకుల్లోంచే వెళ్లాయి. మెయిల్‌ ఐడీ నిమిషంలో మార్చొచ్చు, బ్యాంకు ఖాతా అంత తేలిగ్గా మార్చలేరు. గొలుసు సన్నగా ఉన్న చోటు అదే.

మన దేశంలో ఆ చోటు పేరు మ్యూల్‌ ఖాతా. ఎవరో ఒక పేదవాడి పేరు మీద, లేదా కమీషన్‌కి ఆశపడిన కుర్రాడి పేరు మీద ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డు, సిమ్‌ తీసేసుకుంటారు. మోసం డబ్బు దాంట్లోకి వచ్చి నిమిషాల్లో వెళ్లిపోతుంది. 2025 జూన్‌లో సీబీఐ చెప్పిన లెక్క ప్రకారం 700కి పైగా బ్యాంకు బ్రాంచీల్లో దాదాపు 8.5 లక్షల ఇలాంటి ఖాతాలు ఉన్నాయి. అవి తెరిచినప్పుడు కేవైసీ ఎవరు చూశారు? మామూలు మనిషి ఖాతా తెరవాలంటే పది కాగితాలు అడిగే బ్రాంచీలు వీటిని ఎలా వదిలేశాయి? మోసపోయినవాణ్ని "నువ్వెందుకు నొక్కావు" అని అడిగేముందు ఈ ప్రశ్న అడగాలి.

ఇక్కడ మన యువతకి ఒక మాట. "నీ ఖాతా ఒక నెల వాడుకుంటాను తమ్ముడూ, ఐదు వేలిస్తా" అని ఎవడైనా అంటే, అది బాడుగ కాదు, జైలుకి టికెట్‌. డబ్బు పోయినవాడు ఫిర్యాదు చేశాక పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతాదారుడి ఇంటికే. వెనక ఉన్నవాడు ఎక్కడో ఉంటాడు.

ఈమెయిల్‌ కంపెనీలు కూడా తమ వంతు మొదలుపెట్టాయి. ఈమెయిల్‌ నియమాలు 1982లో ఒకరినొకరు తెలిసిన కొద్దిమంది కోసం రాసుకున్నవి. కవరు మీద "ఫ్రమ్‌" దగ్గర ఎవరైనా ఎవరి పేరైనా రాసుకోవచ్చు అన్నట్టు ఉండేది. అందుకే 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకి 5,000కి పైగా మెయిల్స్‌ పంపేవాళ్లు తాము ఫలానా అని రుజువు చూపే డీమార్క్‌ లాంటి పద్ధతులు పాటించాలని, ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఇవ్వాలని జీమెయిల్‌ షరతు పెట్టింది. ఆర్‌బీఐ కూడా మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోపు "డాట్‌ బ్యాంక్‌ డాట్‌ ఇన్‌" తోకలోకి మారాలంది. ఆ తోక బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

మనం చేయగలిగింది

ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు ఇంగ్లీషు పేర్లన్నీ అక్కర్లేదు. "చాచా, లింకు వస్తే నొక్కమాకు, ముందు నాకు చూపించు" అంటే చాలు. చెప్పినందుకు విసుక్కోకుండా చూసిపెట్టడం మన పని.

ఇంకొంచెం తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఇవి: మెయిల్‌లో పేరు కాదు, పేరు మీద నొక్కితే కనబడే అసలు చిరునామా చూడండి. బ్యాంకు పేరు చిరునామాలో ఎక్కడో మధ్యలో ఉంటే సరిపోదు, చివర తోక సరిగ్గా ఉండాలి. తెలియని చోటు నుంచి వచ్చిన మెయిల్‌లో "అన్‌సబ్‌స్క్రైబ్‌" నొక్కొద్దు, ఈ చిరునామా బతికే ఉందని వాడికి చెప్పినట్టవుతుంది. జీమెయిల్‌లోనే ఉన్న "రిపోర్ట్‌ స్పామ్‌" నొక్కండి. ఎస్‌ఎంఎస్‌ పంపినవాడి పేరు చివర అక్షరం చూడండి. పి ఉంటే ప్రచారం, ఎస్‌ సర్వీసు, టి లావాదేవీ, జి ప్రభుత్వం. పది అంకెల మామూలు నంబర్‌ నుంచి బ్యాంకు మెసేజ్‌ వచ్చిందంటే అది బ్యాంకు కాదనే అనుకోండి. స్పామ్‌ కాల్స్‌కి 1909, మోసం అనుమానం ఉంటే సంచార్‌ సాథీలో చక్షు. జీమెయిల్‌కి రెండంచెల తనిఖీ పెట్టుకోండి. జిరాక్స్‌ షాపులో, లాడ్జిలో ఆధార్‌ అడిగితే అంకెలు దాచిన మాస్క్‌డ్‌ ఆధార్‌ ఇవ్వండి.

డబ్బు పోయిందా, ఏడుస్తూ కూర్చోవద్దు. సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి కొట్టండి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి వెళ్లేలోపు ఆపగలిగితే దక్కుతుంది. మన పొరపాటు గానీ బ్యాంకు పొరపాటు గానీ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ల మీద భారం వేయకూడదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పింది. ఓటీపీ మనమే ఇచ్చేసినా, ఫిర్యాదు చేశాక పోయేదానికి బాధ్యత బ్యాంకుదే. కాబట్టి ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

ఊరిగా చేయగలిగిందీ ఉంది. గ్రామ సచివాలయంలో డిజిటల్‌ అసిస్టెంట్‌ ఉన్నాడు. పథకం డబ్బులు పడే వారంలో నకిలీ మెసేజ్‌ నమూనా ఒకటి బోర్డు మీద అంటించడానికి ఖర్చేమీ కాదు. మస్జిద్‌లో జుమ్మా తర్వాత ఐదు నిమిషాలు, గుడి దగ్గర, చర్చి దగ్గర ఐదు నిమిషాలు ఈ మాట చెప్పుకోవచ్చు. బ్యాంకు మేనేజర్‌ని పిలిచి మ్యూల్‌ ఖాతాల మీద ఏం చేస్తున్నారని అడగొచ్చు. ఈమెయిల్‌ స్పామ్‌కి కూడా ట్రాయ్‌ తరహా నిబంధన ఒకటి కావాలని మన ఎంపీని, ఎమ్మెల్యేని అడగొచ్చు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటి కావాలి.

స్పామ్‌ పూర్తిగా పోతుందని నేను చెప్పను. గేట్స్‌ లాంటివాడే చెప్పి ఓడిపోయాడు. కానీ వాడిది వ్యాపారం, మనది దివిసీమ. కోటి మెసేజ్‌లకి ఒక్కడు దొరకడమే వాడి పెట్టుబడి. ఆ ఒక్కడు దొరక్కుండా, దొరికినా డబ్బు దాటకుండా చేస్తే ఈ వీధికి వచ్చి లాభం లేదని వాడికే తెలుస్తుంది. నష్టం వచ్చే వీధిలో ఏ వ్యాపారీ కొట్టు తెరవడు.